నీటిగీత

నూకరాజుకి ముప్పై దాటాయి. ఇద్దరు పిల్లల తండ్రి. మీసంలో అక్కడక్కడ తెల్లవెంట్రుక కూడా తొంగిచూస్తోంది. అయినా ఉప్పుటేటి గట్టు మీద పడవలవాళ్ళకి అతనింకా ఉస్తాదుగారి కుర్రోడే.

ఇంజను మొరాయిస్తే వచ్చి, కుర్రోణ్ణి పంపండి ఉస్తాద్ అంటారు. కుర్రోడు వెళ్తాడు. మసిలో పొర్లి బాగుచేసి వస్తాడు. వాళ్ళేమో ఉస్తాదుకి దణ్ణం పెట్టి పోతారు. ఇది విని విని నూకరాజుకి విసుగెత్తింది. ఇంట్లో పెళ్ళాం ముందు, సంతలో స్నేహితుల ముందు, కుర్రోడు అనే మాట చెవిన పడితే ఒళ్ళు మండిపోయేది.

ఉస్తాదు పేరు మీరాసాహెబు. తాళ్ళరేవు నుంచి కాకినాడ దాకా పడవ ఇంజన్ల పనిలో ఆయన్ని ఎరగనివాళ్ళు లేరు. మాట తక్కువ మనిషి. తప్పు చేస్తే తిట్టడు, ఒప్పు చేస్తే మెచ్చుకోడు. తిట్టకపోవడం ఎవరైనా భరిస్తారు. మెచ్చుకోకపోవడాన్ని భరించడమే కష్టం.

ఆ గట్టు మీద ఒక ఆనవాయితీ ఉంది. శిష్యుడు తానొక్కడే బాధ్యత తీసుకుని ఇంజను బిగించిన పడవ, మనుషుల్ని ఎక్కించుకుని గట్టు వదలాలి. అలా వదిలేటప్పుడు పడవ యజమాని అందరి ముందూ అతన్ని "మేస్త్రీ" అని పిలవాలి. ఆ పిలుపు పడ్డాక ఇక కుర్రోడు అనే నోరుండదు. అందాకా తల ముగ్గుబుట్టయినా కుర్రోడే.

నూకరాజుకి ఆ అదను రామభద్రరాజుగారి పడవ రూపంలో వచ్చింది.

రాజుగారు కొబ్బరి వ్యాపారి. పోర్టు దొరలు ఒకప్పుడు షికార్లకి కట్టించుకున్న చెక్కపడవ వేలానికొస్తే ముచ్చటపడి కొన్నారు. ముందు చిన్న గది, అందులో పడుకోడానికి బల్లలు, వెనక గాలికి కూర్చోడానికి విశాలమైన చోటు. దాని అడుగున రెండు పెట్రోలు ఇంజన్లు. పడవ పాతదే కానీ కళ తప్పలేదు. తాగుడు మాత్రం జాస్తి. సముద్రం ముఖం చూసొచ్చేసరికి పీపా ఖాళీ అయ్యేది.

తాగుడుతో పోయినా బాగుండేది. మొన్న ఎండాకాలంలో మూసి ఉన్న ఇంజను గదిలో పెట్రోలు ఆవిరి పేరుకుంది. రాజుగారు చూసుకోకుండా తాళం తిప్పారు. భగ్గుమంది. కనుబొమలు కాలి, ఆయన బట్టలతోనే ఏట్లోకి దూకారు. ప్రాణం దక్కింది. తడిబట్టలతోనే నేరుగా ఉస్తాదు షెడ్డుకొచ్చి, ఈ కొరివిదెయ్యాల్ని పీకి పారేసి డీజిలు ఇంజన్లు పెట్టండి అన్నారు.

ఉస్తాదుకి అప్పుడే కంటి ఆపరేషన్ అయింది. దుమ్ముకీ పొగకీ దూరంగా ఉండమన్నారు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఇంటి అరుగు మీద కూర్చున్న ఆయన దగ్గరకి నూకరాజు వెళ్ళి సంగతంతా చెప్పాడు. ఆయన విన్నాడు.

"నువ్వు చెయ్యి" అన్నాడు. అంతే.

నిజం నిజంలా చెప్పాలి, నూకరాజు పని బాగా చేశాడు. పాత ఇంజన్లు పైకి తీసి, వాటి ట్యాంకు ఊడబీకి, పెట్రోలు వాసన కూడా మిగలకుండా అడుగంతా కడిగించాడు. డీజిలుకి పరుగు తక్కువ, లాగుడు ఎక్కువ. అందుకని గేరుబాక్సులు మార్చాడు. ఇంజను నుంచి నీళ్ళలోకి పోయే షాఫ్టులు లావువి వేశాడు. నీళ్ళలో తిరిగే ఫ్యాన్లు పెద్దవి తెప్పించాడు. ఇంజన్లు కూర్చునే దూలాలకి పక్కన కొత్త టేకు కలిపి బోల్టులు దిగ్గొట్టాడు. షాఫ్టుకీ ఇంజనుకీ మధ్య కాగితం దూరే సందు కూడా లేకుండా కూర్చోబెట్టాడు. రాజుగారు చూసి, ఇంక సాయిబుగారు హాయిగా విశ్రాంతి తీసుకోవచ్చు అన్నారు. ఆ మాటకి నూకరాజు ఆ పూట భోజనం కూడా సరిగ్గా చెయ్యలేదు, కడుపు నిండిపోయి.

పడవని ఏట్లోకి దింపినప్పుడు మాత్రం తేడా కంటపడింది.

ఆ పడవకి నీళ్ళ పైన తెల్లరంగు, కింద ఎర్రరంగు. రెంటికీ మధ్య చుట్టూ ఒక నీలం గీత. అది పడవ కట్టినవాళ్ళు గీసిన గీత. పడవ ఖాళీగా ఉన్నప్పుడు నీళ్ళు ఆ గీత కిందే ఉండాలి. ఇప్పుడు ముందువైపు గీత కనిపిస్తోంది. వెనక్కి వచ్చేకొద్దీ నీళ్ళలోకి జారిపోయింది. పడవ చివర అది నాలుగు వేళ్ళ లోతున ఉంది.

డీజిలు ఇంజన్లు బరువని అతనికి తెలియక కాదు. ఆ బరువు దూలాలు మోస్తాయా అని ఆలోచించాడు, మోసేలా చేశాడు. మొత్తం పడవ ఎలా మోస్తుందని ఆలోచించలేదు. పైగా గొట్టాలు పొట్టిగా సరిపోతాయని డీజిలు ట్యాంకు కూడా వెనకే పెట్టాడు. పులి మీద పుట్ర.

ఉస్తాదుకి చెబితే ఏమంటాడో తెలుసు. ఏమీ అనడు. ట్యాంకు ఉన్న వైపు చూస్తాడు. ఆ చూపుకి మొత్తం విప్పి మళ్ళీ పెట్టాలి. ఆదివారం రాజుగారి వియ్యాలవారు వస్తున్నారు. వాళ్ళని ఏరు సముద్రంలో కలిసే చోటికి తీసుకెళ్ళాలని అప్పటికే ఊరంతా చెప్పుకున్నారు. విప్పితే ఆదివారం పోయినట్టే. పిలుపూ పోయినట్టే. ఆ ఏడు మళ్ళీ ఎవరు ఇంత పెద్ద పని అతని చేతిలో పెడతారు?

మనసు సర్దిచెప్పడంలో లాయరు కన్నా గట్టిది. ఇసక నావలు అంచుదాకా మునిగి పోవడం లేదా అంది. నాలుగు వేళ్ళు కూడా ఒక లోతేనా అంది.

రంగులు వేసేవాణ్ణి పిలిచి, గీత కాస్త పైకి జరిపి కొత్తగా వెయ్యమన్నాడు. ఎంత పైకి అని వాడు అడిగాడు. నీళ్ళున్న చోటికి ఒక వేలు పైన అన్నాడు నూకరాజు. వాడు పడవని మళ్ళీ గట్టెక్కించి, పాత గీత మీద ఎర్రరంగు పూసేసి, పైన కొత్త నీలం గీత తళతళలాడేలా గీశాడు. చూసినవాళ్ళెవరికీ తేడా తెలియదు. రాజుగారైతే మురిసిపోయారు.

ఆదివారం పొద్దున్నే గట్టు మీద ఆటో ఆగింది. నల్లకళ్ళద్దాలతో ఉస్తాదు దిగాడు.

వస్తాడని నూకరాజు అనుకోలేదు. మొదట సంతోషం వేసింది, వెంటనే భయం వేసింది. చేతులు తుడుచుకుంటూ ఎదురెళ్ళి, ఎండలో ఎందుకొచ్చారండీ అన్నాడు. ఉస్తాదు అతని భుజం మీద చెయ్యేసుకుని పలక మీదుగా పడవెక్కాడు.

ఇంజను గది తలుపు ఎత్తించాడు. కళ్ళద్దాలు నుదుటి మీదకి నెట్టుకుని వంగాడు. దూలాల వెంట చెయ్యి పోనిచ్చాడు. ఒక్కో బోల్టునీ వేలితో తాకాడు. షాఫ్టు దగ్గర ఆగాడు. స్టార్టు చెయ్యమన్నాడు. రెండు ఇంజన్లూ ఒక్కసారికే అందుకున్నాయి. పొగ సన్నగా వచ్చింది, చప్పుడు సమంగా ఉంది. ఉస్తాదు కళ్ళు మూసుకుని కాసేపు విని, ఆపమన్నాడు. ట్యాంకు ఉన్న వైపు చూశాడు. అలా చూస్తూ చాలాసేపు ఉన్నాడు.

తిట్టినా బాగుండును అనిపించింది నూకరాజుకి.

"రంగు బాగుంది" అన్నాడు ఉస్తాదు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నూకరాజు పని. పాతరంగు పెచ్చులూడిపోయిందండి, రాజుగారు కూడా వేయించమన్నారండి అంటూ అడగని సంజాయిషీ అంతా చెప్పుకొచ్చాడు. ఉస్తాదు పూర్తిగా విన్నాడు. తరవాత దోనె తెమ్మన్నాడు, రంగు గీకే రేకొకటి తెమ్మన్నాడు.

చిన్న దోనెలో ఇద్దరూ పడవ వెనక్కి వెళ్ళారు. నూకరాజు పడవ అంచు పట్టుకుని దోనె కదలకుండా ఆపాడు. ఉస్తాదు చొక్కా చెయ్యి మోచేతి పైకి మడుచుకున్నాడు. కొత్త నీలం గీతకి అడుగున రేకు ఆనించి, నెమ్మదిగా, చెక్కకి గాయం కాకుండా గీకడం మొదలుపెట్టాడు. ఎర్రటి పెచ్చులు నీళ్ళ మీద తేలాయి. రేకు నీళ్ళలోకి దిగింది. మణికట్టు మునిగింది. ఇంకా గీకుతూనే ఉన్నాడు.

ఆపరేషన్ అయిన కంట్లోంచి నీరు కారుతోంది. నేను గీకుతానండీ అనబోయి నూకరాజు అనలేకపోయాడు.

కాసేపటికి నీళ్ళ అడుగున, అరచేతి వెడల్పున, వెలిసిపోయిన పాత నీలం కనిపించింది. ఉస్తాదు రేకు పక్కన పెట్టాడు. తడి చేత్తో ముందు పై గీతని తాకాడు.

"ఇది ఎవరు గీశారు?"

"నేనే వేయించానండి."

చెయ్యి నీళ్ళలోకి పోనిచ్చి కింది గీతని తాకాడు.

"ఇది?"

"పడవ కట్టినోళ్ళండి."

"వాళ్ళెవరో తెలుసా?"

"తెలీదండి. ఎప్పటోళ్ళో. ఉండుండరు."

"ఉండుండరు" అన్నాడు ఉస్తాదు. "మనకి వాళ్ళు చెప్పిపోయిన మాట ఇదొక్కటేరా."

దోనె గట్టుకి చేరింది. ఆయన చొక్కా చెయ్యి దించుకుని టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడు, ఒక టీ చెప్పాడు. ఇప్పుడేం చెయ్యమంటారండీ అని నూకరాజు అడిగాడు. ఉస్తాదు టీ మరుగుతున్న గిన్నె వైపు చూస్తూ కూర్చున్నాడు. వినలేదనుకోడానికి లేదు. ఆయనకి ఆపరేషన్ అయింది కంటికి, చెవులకి కాదు.

ఈలోగా కార్లు రానే వచ్చాయి. రాజుగారు పట్టుపంచెలో దిగారు. వెనకాల వియ్యపురాలు, వియ్యంకుడు, కోడలు, కోడలి అక్కచెల్లెళ్ళు, పిల్లలు, పులిహోర గిన్నెలు, మడతకుర్చీలు. గట్టంతా పెళ్ళివారి విడిదిలా తయారైంది. పడవలవాళ్ళు కూడా పనులాపి చుట్టూ చేరారు. కుర్రోడికి ఇవాళ పిలుపు పడుతుందని అందరికీ తెలుసు. ఒకడు నూకరాజు వీపు మీద చరిచి, సాయంత్రం బిర్యానీ ఎక్కడ అని అడిగాడు. నూకరాజు నవ్వాననుకున్నాడు కానీ ముఖం మాత్రం కదల్లేదు.

ఒక్క చిన్న ప్రయాణం. నెమ్మదిగా తీసుకెళ్ళి నెమ్మదిగా తీసుకొస్తే చాలు. రేపు ఎవరికీ తెలియకుండా ట్యాంకు ముందుకి జరిపేయొచ్చు. అలా అనుకుంటూనే ఇంజన్లు స్టార్టు చేశాడు.

జనం ఒక్కొక్కరే ఎక్కారు. అందరికీ గాలి కావాలి, అందరూ వెనక్కే వచ్చి కూర్చున్నారు. కుర్చీలు వెనకే పడ్డాయి. గిన్నెలు వెనకే చేరాయి. ఒక్కో మనిషీ ఎక్కినప్పుడల్లా నూకరాజు కళ్ళు కిందికి పోతున్నాయి. ఆ వెనక చోటున, నేలకి ఆనుకుని అటొకటి ఇటొకటి రెండు తూములున్నాయి. లోపల పడ్డ వాన నీళ్ళూ కెరటాల తుంపరా బయటికి పోవడానికి పెట్టిన కన్నాలవి. పాత ఇంజన్లున్నప్పుడు అవి నీళ్ళకి జానెడు పైన ఉండేవి.

వియ్యపురాలు కూర్చుంది. తూము గుటకేసినట్టు చప్పుడు చేసింది.

వియ్యంకుడూ కూర్చున్నాడు. పలచటి నీటిపొర ఒకటి తూములోంచి లోపలికి వచ్చి, నేల మీద పాకి, మళ్ళీ వెనక్కి పోయింది. ఇంకోసారి వచ్చింది. ఈసారి పోలేదు.

"తాతా, పడవలోకి నీళ్ళొస్తున్నాయి" అంది ఒక చిన్నపిల్ల, గౌను ఎత్తిపట్టుకుని తడి కాళ్ళతో గెంతుతూ.

"ఏట్లో నీళ్ళు రాక పాలొస్తాయా అమ్మా" అన్నారు రాజుగారు. అందరూ నవ్వారు.

నూకరాజు నవ్వలేదు. ఇక్కడ, తాళ్ళతో గట్టుకి కట్టి ఉండగా, ఇంత వచ్చింది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరకి పోతే అక్కడ కెరటం ఉంటుంది. ఏ చేప గెంతినా చూడ్డానికి అందరూ ఒకేవైపు లేస్తారు. అప్పుడు ఆ తూములు నీళ్ళు బయటికి పంపవు, తాగుతాయి. తాగిన నీళ్ళు పలకల సందుల్లోంచి ఇంజను గదిలోకి దిగుతాయి. ఇంజన్లు ఆగుతాయి. నూలుపోగంత తేడా లేకుండా తాను కూర్చోబెట్టిన ఇంజన్లు, ఆ బరువుతోనే, అందర్నీ తీసుకుని కిందికి పోతాయి.

గట్టు వైపు చూశాడు. ఉస్తాదు గ్లాసు పట్టుకుని టీ ఊదుకుంటున్నాడు. వద్దని చెయ్యి ఊపలేదు. కనీసం ఇటు చూడను కూడా లేదు.

పడవలవాడొకడు తాడు విప్పడానికి వంగాడు. రాజుగారు గొంతు సవరించుకుని లేచి నిలబడ్డారు. పిలుపు ఆయన నాలుక చివర ఉంది. నూకరాజుకి అది కనిపిస్తూనే ఉంది. ఇన్నేళ్ళ మసి, ఇన్నేళ్ళ కుర్రోడు, అంతా ఆ ఒక్క మాటతో కడిగినట్టు పోతుంది. ఇంకో క్షణం నోరుమూసుకుంటే చాలు.

అతను చెయ్యి చాచి రెండు ఇంజన్లూ ఆపేశాడు.

తూముల చప్పుడు ఇప్పుడు అందరికీ వినిపించింది.

"తాడు విప్పకు" అన్నాడు నూకరాజు. తరవాత వెనక్కి తిరిగాడు. "అందరూ దిగండి. పడవ ఇవాళ పోదండి."

రాజుగారికి మొదట అర్థం కాలేదు. ఇంజను చెడిందా అని అడిగారు. ఇంజన్లు బాగున్నాయని చెప్పాడు. మరేమిటి అన్నారు. చుట్టూ ఉన్న పడవలవాళ్ళ ముఖాలు, వియ్యాలవారి ముఖాలు, అన్నీ అతనివైపే ఉన్నాయి.

"పడవ వెనక్కి దిగిపోయిందండి. బరువంతా నేనే వెనక పెట్టాను. మీకు తెలీకుండా గీత పైకి జరిపించాను. తప్పు నాదండి. ట్యాంకు ముందుకి మార్చాలి, అడుగున వెనకవైపు పడవ ఊగకుండా ఎప్పుడో వేసిన పాత ఇనప దిమ్మలున్నాయి, అవి తీసెయ్యాలి. అప్పుడు గీత తేలుతుంది. అది తేలేదాకా ఈ పడవలోకి నేను ఎవర్నీ ఎక్కించను."

గట్టు మీద ఎవడో కిసుక్కుమన్నాడు. రాజుగారి ముఖం కందగడ్డయింది. కొత్త వియ్యంకుడి ముందు ఆయన మాట నీళ్ళపాలైంది మరి. ఆదివారం పూట ఇంతమందిని ఎండలో నిలబెట్టి ఇప్పుడా చెప్పడం అన్నారు. నాలుగు చుక్కల నీళ్ళకి ఇంత రాద్ధాంతమా అన్నారు. ఇంకా చాలా అన్నారు. నూకరాజు తల దించుకునే అన్నీ విన్నాడు, కానీ చుక్కాని చక్రం దగ్గరనుంచి కదల్లేదు. తాళాలు తీసి జేబులో వేసుకున్నాడు.

ఇతనితో లాభం లేదని రాజుగారు గట్టు వైపు తిరిగారు.

"ఉస్తాద్, మీరు చెప్పండి. నిదానంగా పోతే ఏమవుద్ది? మీ కుర్రోడు భయపడి అందర్నీ భయపెడుతున్నాడు. మీరో మాట చెబితే బయల్దేరతాం."

మీరాసాహెబు ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి లేచి నిలబడ్డాడు.

"నన్నడుగుతారేంటండీ రాజుగారూ" అన్నాడు. "ఆ పడవకి మేస్త్రీ ఆయనండి. ఆయన దిగమన్నాక అందులో నేనున్నా దిగాల్సిందే."